ప్రకృతివైద్యులును రక్తపరీక్షయును

ప్రకృతివైద్యమును వృత్తిగా గైకొనినవారికి సూక్ష్మదర్శినితో రక్తమును పరీక్షించు విద్యను నేర్పవలెనా, వలదా? ఈ ప్రశ్న వైద్యులకు మాత్రమే సంబంధించినది కాదు. రోగి వ్రేలినుండి తీసిన నెత్తుటిబొట్టును చూచి యొకరు చెప్పిన మాటపై అతని కుటుంబముయొక్క ధనమును, కాలమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును ఆధారపడియుండును. కావున గృహస్థులందఱును దీనిని విచారింపవలసియున్నది. "ఉపవాసము, జలము, మట్టి, ఎండ, పథ్యము వీనితో చికిత్స చేయువారికి యంత్రముతో నేమి పని?" యని కొందఱందురు. "శాస్త్రపరికరమును వీరి చేతికిచ్చుట అనర్థదాయక"మని మఱికొందఱందురు. మేము ఈ రెండభిప్రాయములతోను ఏకీభవింపజాలము. ప్రకృతివైద్యులు రక్తపరీక్షను నేర్వవలసినదే. అయితే నేడు ఆ పేరుతో పలుదేశములందు విక్రయింపబడుచున్న కొలదిదినముల విద్యను గాక, నిజమైన విద్యను నేర్వవలెను.

మన హైదరాబాదు పాతబస్తీనే దృష్టియందుంచుకొని విచారింతము. చార్మినారు చెంతనే నిజామియా యూనానీ ఆసుపత్రి కలదు. మూసీకి ఆవలియొడ్డున ఉస్మానియా ఆసుపత్రి కలదు. 2018వ సంవత్సరము మొదలు నగరమున బస్తీ దవాఖానాలును వెలసినవి. అయినను ఒడలు నలతగా నున్నప్పుడు ఎందఱో ముందుగా పోవునది తమకు పరిచితుడైన హకీమునొద్దకో, ఆయుర్వేదవైద్యునియొద్దకో, ప్రకృతిచికిత్సకునియొద్దకో. తొలిగడప వైద్యుడు చేసిన నిర్ణయమునుబట్టియే రోగి తరువాతి మార్గము ఏర్పడుచున్నది. ఆ గడప యెక్కువారిలో అధికసంఖ్యాకులకు గల వ్యాధి యెయ్యది? 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమునుబట్టి తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57.6 మందియు, ఆఱునెలలు దాటి అయిదేండ్లు నిండని బిడ్డలలో నూటికి 70 మందియు రక్తహీనతతో బాధపడుచున్నారు. ఇది ఎక్కడనో మారుమూలనున్న వ్యాధి కాదు. ప్రతి యింటి వంటయింటిలోనున్న వ్యాధి.

రక్తహీనత యనునది ఒక్క వ్యాధి కాదని తెలియుటయే యిక్కడ ముఖ్యము. ఇనుము చాలనివారి ఎఱ్ఱకణములు చిన్నవై, నడుమ వెలవెలబోవుచుండును. ఫోలికామ్లమో, బి12 జీవసత్త్వమో కొఱవడినవారి కణములు మితిమీరి పెద్దవగును. తలసీమియా లక్షణమును తలిదండ్రులనుండి పొందినవారి కణములును చిన్నవియే. కాని ఇనుము లోపింపనిచో వారికి ఇనుమిచ్చి ప్రయోజనము లేదు. అట్టివారిరువురు దంపతులైనచో, ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు, జీవితాంతము ఇతరుల నెత్తురెక్కించుకొనవలసిన బిడ్డ పుట్టు అవకాశము కలదు. మేనరికములును దగ్గఱి సంబంధములును ఆచారముగా నున్న కుటుంబములందు, వారేమతమువారైనను, ఇది ఉపేక్షింపదగిన మాట కాదు. మలేరియా రోగి కణములలో పరాన్నజీవి తిష్ఠ వేసికొనియుండును. వీరందఱి ముఖములును పాలిపోయినట్లే యుండును. అందఱును ఆయాసమనియే చెప్పుకొందురు. కనుఱెప్పను క్రిందికి లాగి చూచినంతమాత్రమున ఈ భేదములు తెలియవు. రంగువేసిన రక్తపు పొరను సూక్ష్మదర్శినిలో చూచినచో వీనిలో పెక్కింటికి ఆనవాలు దొరకును. మిగిలిన సంశయమును తీర్చుటకు ఏ పరీక్ష కావలయునో అదియు తెలియును.

ప్రకృతివైద్యులకు ఇట్టి పరీక్ష తమ సంప్రదాయమునకు విరుద్ధమను శంక వలదు. జర్మనీదేశీయుడగు లూయీ కూనే గ్రంథమును 1894లో ద్రోణంరాజు వెంకటచలపతిశర్మగారు తెలుగునకు దెచ్చుటతోనే భారతదేశమున నేటి ప్రకృతివైద్యోద్యమము ప్రారంభమైనదని చెప్పుదురు. తెలుగువారికి గర్వకారణమైన విషయమిది. కూనే రోగి ముఖమును, మెడను, దేహాకృతిని చూచి వ్యాధిని నిర్ణయింపవచ్చునని బోధించెను. ఆనాటికి లభించిన సాధనములతో నాతడట్లు తలచియుండును. గురువు దీపము పట్టిన చోటనే శిష్యులు నిలిచిపోవలెనను నియమము లేదు. ప్రకృతిచికిత్సను ప్రాణసమముగ నెంచిన గాంధీమహాత్ముడు 1940లో సేవాగ్రామమున సూక్ష్మదర్శినిపై వంగి కుష్ఠువ్యాధి క్రిములను చూచుచున్న ఛాయాచిత్రము లోకవిదితమైనది. అంతకుముందు 1924లో ఉపాంత్రమునకు శస్త్రచికిత్స అవసరమైనప్పుడు ఆయన అంగీకరించెను. సత్యము ఏ దిక్కునుండి వచ్చినను స్వీకరించుటయే ఆయన మార్గము.

సూక్ష్మదర్శినిని సంపాదించుట వేఱు, చూచుట వేఱు. ఈ సత్యమునకు మన నగరమే సాక్షి. చార్మినారునుండి కొలదిమైళ్ల దూరముననున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీని రొనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఆ దోమలకు తన నెత్తురు త్రాగనిచ్చినవాడు హుసేన్ ఖాన్ అను రోగి. కఱచిన దోమకొక అణా చొప్పున అతనికి ప్రతిఫలము ముట్టెను. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది. అయితే ఈ రాసే అంతకు కొన్నియేండ్లకు పూర్వము మలేరియా పరాన్నజీవి యున్నదన్నమాటనే నమ్మలేదు. ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాయందు దానిని రోగుల రక్తములో చూచినను, రాస్ తన సూక్ష్మదర్శినిలో ఎంత వెదకినను దానిని గుర్తింపలేకపోయెను. 1894లో లండనునందు పాట్రిక్ మాన్సన్ దగ్గఱ కూర్చుండబెట్టుకొని చూపిన పిదపనే అతని కన్ను తెఱవబడెను. పట్టభద్రుడైన సైనికవైద్యునికే గురువు కావలసివచ్చెను. ఇక కొలదిదినముల శిక్షణతో ప్రశంసాపత్రము పొందినవారి మాట చెప్పనేల?

"సజీవరక్త పరీక్ష" యను పేర వ్యాపించుచున్న పద్ధతి ఇట్టిది. రోగి వ్రేలినుండి బొట్టు తీసి, రంగువేయకయే, గాజుపలకపై నుంచి, వేఱొక పలుచని గాజుతో కప్పి, చీకటి నేపథ్యమున వెలుగునట్లు చూతురు. ఆ దృశ్యమును తెఱపై రోగికే చూపుదురు. "నీ కణములు నాణెములవలె దొంతర కట్టినవి, నీ రక్తము ఆమ్లమయమైనది" అందురు. "ఈ కణములకు ముండ్లు మొలచినవి, ఇవి స్ఫటికములు, ఇది బూజు, ఇవి క్రిములు" అందురు. తన నెత్తురు తన కన్నులయెదుట కదలాడుచుండగా ఏ రోగి కాదనగలడు? పిమ్మట చూర్ణములును గుళికలును విక్రయింపబడును. కొన్ని వారములకు మఱల పరీక్షించి "చూడుము, శుభ్రపడినది" అందురు.

ఇందు పెక్కు రజ్జుసర్పభ్రాంతులు. బొట్టు మందముగానున్నను, కొంతసేపు నిలువయున్నను ఆరోగ్యవంతుని కణములును దొంతరలు కట్టును. ఆఱిపోవుచున్న కొలది వానికి ముండ్లు మొలచినట్లు కనబడును. గాజుపై దుమ్ము, చర్మపు పొట్టు, వ్రేలిమీది మలినము స్ఫటికములుగను క్రిములుగను తోచును. రక్తముయొక్క ఆమ్లక్షారప్రమాణము 7.35, 7.45 అంకెల నడుమ ఊపిరితిత్తులచేతను మూత్రపిండములచేతను కాపాడబడుచుండును. దానిని కంటితో చూచుట ఏ సూక్ష్మదర్శినికిని సాధ్యము కాదు. కణములు దొంతరలగుట కొన్ని నిజమైన వ్యాధులలోను కలదు. కాని దానిని రంగువేసిన పొరలో సరియైన పలుచని భాగమున చూచి, ఇతర పరీక్షలతో స్థిరపఱచుకొనవలెను. పచ్చకామెరలవానికి లోకమంతయు పచ్చగా కనబడునన్నట్లు, దోషమును వెదకుటకే కూర్చున్నవానికి ప్రతి బొట్టునందును దోషము కనబడకమానదు.

ఈ పద్ధతికి మూలపురుషులలో నొకడు జర్మనీదేశపు గుంథర్ ఎండర్లైన్. రక్తమునందలి సూక్ష్మజీవులు రూపమునుండి రూపమునకు మాఱుచు వ్యాధులను కలిగించునన్న ఆతని సిద్ధాంతమును శాస్త్రలోకము స్వీకరింపలేదు. ఆ జర్మనీయందే 2005లో ప్రకటింపబడిన యొక పరిశీలనమున 110 మంది రోగులను ఈ విధముగ పరీక్షించిరి. వారిలో ఇతరభాగములకు వ్యాపించిన పుట్టకుఱుపు గలవారు 12 మంది. ఈ పరీక్ష గుర్తించినది ముగ్గురిని మాత్రమే. 2006లో వెలువడిన మఱియొక పరిశీలనమున, ఒకే రక్తమును వేర్వేఱు పరీక్షకులు చూచినను, ఒకే పరీక్షకుడు మఱల చూచినను, నిర్ణయములు సరిగా పొసగలేదని తేలినది. ఒక త్రాసు తూచినప్పుడెల్ల వేఱుబరువు చూపినచో, పాతబస్తీలో ఏ వర్తకుడైనను దానిని అంగడిలో నుంచుకొనునా? అమెరికాలో ఇట్టి పరీక్షను, ఆమ్లక్షార ఆహారసిద్ధాంతమును ప్రచారము చేసిన రాబర్ట్ యంగ్ అనునతనిని అనుజ్ఞ లేక వైద్యము చేసిన నేరమునకు 2016లో న్యాయస్థానము దోషిగా నిర్ణయించెను. మఱుసటి యేట కారాగారశిక్ష విధింపబడెను. దీనిని దేశీయ విద్యయని సమర్థించువారు ఈ వంశావళిని చూతురు గాక. ఇందు స్వదేశీయమైనది రోగి చెల్లించు రూపాయి మాత్రమే.

నిజమైన రక్తపరీక్షయో, ప్రకృతివైద్యమునకు తగ్గుదల గాక గౌరవమునే తెచ్చును. 1928 మొదలుకొని లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో మిల్లు పనివారగు గర్భిణుల రక్తహీనతను పరిశీలించెను. సూక్ష్మదర్శిని వారి కణములు పెద్దవని చూపెను. ఈస్టుసారముతో వారు కోలుకొనిరి. ఆ గుణమునకు కారణమైన పదార్థమే ఫోలికామ్లమని తరువాత తెలిసినది. అది ఆకుకూరలలో సమృద్ధిగ నున్నది. దానిని 1945లో కృత్రిమముగ తయారుచేసిన లెడర్లీ పరిశోధనాలయ బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆహారమే ఔషధమన్న మాటకు ఇంతకంటె గొప్ప నిదర్శనము వేఱొకటి కలదా? అయితే ఇందొక హెచ్చరికయు నున్నది. పెద్దకణములు బి12 లోపముచేతను కలుగును. ఆ సత్త్వము మొక్కలనుండి లభించు ఆహారమున దాదాపుగా లేదు. అట్టివారికి ఫోలికామ్లము మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడినట్లే కనబడును, లోలోపల నరములు చెడును. ఆకుకూరలతోను ఉపవాసములతోను చికిత్స చేయువారు ఈ భేదమును అందఱికంటె ముందుగ నెఱిగియుండవలెను.

కావున ఏమి చేయవలెను? ప్రకృతివైద్య పట్టమునకై అయిదున్నర సంవత్సరములు చదువువారికి రోగనిదానశాస్త్రము పాఠ్యాంశముగ నున్నదే. ఆ పునాదిపై, వ్యాధినిర్ణయ నిపుణుల పర్యవేక్షణమున, నెలల తరబడి సాధన చేయింపవలెను. పలుచని పొరను చక్కగా పఱచుట, లీష్మన్ రంగు వేయుట, తెల్లకణములను నూఱు లెక్కించి జాతులవారీగ విభజించుట, నూఱు దృశ్యక్షేత్రములను వెదకకుండ మలేరియా లేదని వ్రాయకుండుట అలవడవలెను. పేరు తెలుపని గాజుపలకలనిచ్చి పరీక్షింపవలెను; తప్పినవారికి పత్రమీయరాదు. ప్రతివ్రేలికిని క్రొత్తసూదియే వాడవలెను; లేనిచో కామెర్లను, ఎయిడ్సును పంచిపెట్టినవారమగుదుము. చూచిన పలకను భద్రపఱచి, కొన్నింటిని వేఱొకరిచే మఱల చూపింపవలెను. అపక్వములైన తెల్లకణములు గాని, మిక్కిలి తగ్గిన రక్తఫలకములు గాని, మలేరియా జీవులు గాని కనబడినచో ఆ పూటనే రోగిని పెద్దాసుపత్రికి పంపవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, పరీక్షించిన చేయి మందు అమ్మరాదు. పరీక్షకుడే వర్తకుడైనచోట సత్యమునకు చోటు మిగులదు.

అమీరుపేట ప్రాంతమున గాంధీ ప్రకృతివైద్య కళాశాల కలదు. బేగంపేటలో రాస్ పేరిట ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి సంస్థ కలదు. చార్మినారు చెంత నిజామియా ఆసుపత్రి కలదు. ఈ మూటిని కలిపి, హకీములకును ప్రకృతివైద్యులకును సమష్టిగ ఇట్టి శిక్షణాలయము నొకదానిని పాతబస్తీయందే నెలకొల్పుట ప్రభుత్వమునకు అసాధ్యమైన కార్యము కాదు. దేశీయ వైద్యమండలులకై 2020లో పార్లమెంటు చేసిన చట్టమున ప్రకృతివైద్యమునకు చోటీయబడలేదు. అట్లు విడువబడిన వృత్తివారే తమ నియమమును తామేర్పఱచుకొని లోకమునకు చూపుట మఱింత అవసరము.

గృహస్థులకు మా మనవి యొక్కటే. మీ నెత్తురును తెఱపై చూపి భయపెట్టువానిని మూడు ప్రశ్నలడుగుడు: ఈ విద్యను ఎవరివద్ద ఎంతకాలము నేర్చితిరి? ఈ పలకను వేఱొకరు చూచినను ఇదియే చెప్పుదురా? మీరమ్ము చూర్ణము కొనకపోయినను మీ నిర్ణయమిట్లేయుండునా? నిజమైన వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపింపడు; సంతోషముతో సమాధానము చెప్పును. సమాధానము రానిచోట రూపాయిని మూటలోనే యుంచుకొని, ఇంటిలోని స్త్రీలను, బిడ్డలను ప్రభుత్వ దవాఖానాకు తీసికొనిపోయి రక్తపరీక్ష చేయింపుడు.