టానిక్ సీసా ఇచ్చే ముందు ఒక పరీక్ష

మన ఇళ్లలో ఎవరు నీరసంగా ఉందన్నా మొదట వచ్చే మాట "ఒంట్లో రక్తం లేదు". ఆ వెంటనే ఖర్జూరాలు, బెల్లం, మందుల షాపు నుంచి ఐరన్ టానిక్. ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఈ అలవాటు ఊరికే రాలేదు. కానీ హెపటైటిస్ బి గానీ సి గానీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి, పరీక్ష చేయించకుండా ఐరన్ ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే, ఒంట్లో ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి మనకి లేదు. అందుకే కావలసినంతే పేగుల నుంచి లోపలికి రానిచ్చే కాపలా ఒకటుంది. దాని పేరు హెప్సిడిన్. దాన్ని తయారుచేసేది కాలేయమే. హెపటైటిస్ సి ఉన్న చాలామందిలో ఇది తగ్గుతుంది, ఇనుము అవసరానికి మించి లోపలికొస్తుంది. మిగిలినదంతా చేరేదీ కాలేయంలోకే. వైరస్‌తో వాచి ఉన్న కాలేయాన్ని అది ఇంకా దెబ్బతీసి గట్టిపడేలా చేస్తుంది. అందరికీ ఇలా జరగదు గానీ, మద్యం అలవాటుంటే ప్రమాదం ఎక్కువ. జపాన్‌లో హెపటైటిస్ సి రోగులకి కొంచెం కొంచెంగా రక్తం తీసి ఇనుము తగ్గించే వైద్యం కూడా చేశారు. మనమేమో చెంచాతో పోస్తున్నాం!

నెలసరి వల్ల మన ఒంట్లో ఇనుము అంతగా పేరుకోదు. అది ఆగాక మనకీ ఆ రక్షణ ఉండదు. యాభై దాటిన అమ్మకో అత్తగారికో, పడుచుపిల్లలకిచ్చే మాత్రే ఇవ్వడం సరికాదు.

మా బంధువు ఒకాయనకి హెపటైటిస్ సి అని తెలిశాక, చూడ్డానికి వచ్చినవాళ్లు తెచ్చిన టానిక్ సీసాలు నాలుగు! అందరిదీ ప్రేమే. ఆయన భార్య వాటిని మూత తీయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నాకు ఆ పని ఎంతో నచ్చింది.

అలాగని డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మీకు మీరే ఆపేయకండి. కాలేయం బాగా పాడైనవాళ్లకి లోపల రక్తస్రావమై నిజంగానే ఇనుము తగ్గవచ్చు. అందుకే పరీక్ష కావాలి. సీరమ్ ఫెర్రిటిన్‌తో పాటు ట్రాన్స్‌ఫెర్రిన్ శాచురేషన్ కూడా చూడాలి. వాపు ఉంటే ఫెర్రిటిన్ ఒక్కటీ ఎక్కువగా కనిపించవచ్చు. తోటకూర, గోంగూర మానేయక్కర్లేదు. సీసా మీద "ఫెర్రస్" అన్న మాటుందేమో చూడండి. లోహాసవం, లోహ భస్మం కూడా ఇనుమే.

అసలు మందు వైరస్‌కి పడాలి. హెపటైటిస్ సి చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో నయమవుతోంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. టానిక్ కొనే ముందు అక్కడికి తీసుకెళ్లండి.