హాల్లో సముద్రం... చాకిరీ ఎవరిది?

ఒకప్పుడు హాల్లో షోకేసు, అందులో కొండపల్లి బొమ్మలు, పక్కన గాజు తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు ఉంటే అదే గొప్ప. ఇప్పుడు కొందరిళ్లకు ఏకంగా సముద్రమే వచ్చి కూర్చుంటోంది! నీలి వెలుగులో రాళ్లు, పగడాలు, వాటి మధ్య నారింజ ఒంటిమీద తెల్లచారల క్లౌన్‌ఫిష్‌లు... చూస్తే కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. పిల్లలు 'నీమో, నీమో' అని గంతులేస్తారు. 'మనమూ ఒకటి పెడదామోయ్!' అంటారు శ్రీవారు.

పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. కానీ 'ఎంతవుతుంది?' అని అడిగేముందు ఇంకో ప్రశ్న అడగాలంటాను. దాని చాకిరీ ఎవరు చేస్తారు?

ఉప్పునీటి అక్వేరియం గోడకు తగిలించే పటం కాదు. రోజూ పని చెప్పే సంసారం. 200 లీటర్ల తొట్టి అనుకోండి. నీళ్లు, రాళ్లు, గాజు కలిపి 250 కిలోలు దాటుతుంది. మామూలు టీపాయ్ మీద పెడితే ఆగదు. సముద్రమంత ఉప్పదనం రావాలంటే లీటరుకు 35 గ్రాముల చొప్పున మొదటిసారే ఏడు కిలోల ఉప్పు కావాలి. అదీ వంటింటి ఉప్పు కాదు, దీనికోసం ప్రత్యేకంగా తయారుచేసేది. వారానికి పదో వంతు నీళ్లు మార్చాలంటే ప్రతివారం 20 లీటర్లు తోడి పారబోసి, 20 లీటర్లు కొత్తగా కలపాలి. ఏడాదికి వెయ్యి లీటర్ల పైమాటే! కుళాయి నీళ్లూ, బోరు నీళ్లూ పనికిరావు. ఆర్వో నీళ్లే పోయాలి. ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి. ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే వీధుల్లో ఇది చిన్న సంగతి కాదు. పోయే ఆ నీటిని కనీసం ఇల్లు తుడవడానికైనా పట్టి ఉంచాలి.

ఇక రోజువారీ పని. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. పప్పుచారు ఎక్కువ మరిగితే ఉప్పెక్కినట్టే తొట్టీ ఉప్పెక్కుతుంది. తగ్గిన మేరకు రోజూ మంచినీళ్లు పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఈ లెక్క మనకెవరూ నేర్పక్కర్లేదు. అందుకే కాబోలు, నెల తిరక్కుండానే 'ఏమోయ్, నీళ్లు తగ్గాయి చూడు' అన్న పిలుపు వంటింటి వైపే వస్తుంది!

కొత్తవాళ్ల తొట్లలో చేపలు ఎక్కువగా చనిపోయేది తొందర వల్ల. తొట్టి కొన్న రోజే చేపల్ని వదలకూడదు. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత వల్ల అమ్మోనియా పుడుతుంది. అది విషం. కంటికి కనిపించని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మళ్లీ నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా రాళ్లమీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుపెట్టి, పెరుగు గట్టిపడిందో లేదోనని గిన్నె కదిపి చూడం కదా! ఇదీ అంతే. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాకే మొదటి చేప. ఖాళీ తొట్టిని నెలన్నర చూడగల ఓపిక లేనివారు ఈ జోలికి రాకపోవడమే మేలు.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా! తొట్టి నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 30 దాటి కొనసాగితే పగడాలు తమలో నివసించే సూక్ష్మ నాచును వెళ్లగొట్టి పాలిపోతాయి. విజయవాడ వేసవిలో చిల్లరో, ఏసీయో లేకుండా కుదరదు. ఆ కరెంటు బిల్లు ముందే లెక్క వేసుకోండి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్‌పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. ఆ గదిలో దోమల మందు కొట్టకూడదు. జోవాంథిడ్ అనే పగడపు జాతుల్లో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాళ్లను శుభ్రం చేద్దామని మరిగించి, ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైనవారు విదేశాల్లో ఉన్నారు. ఆ రాళ్లు వంటింటి గిన్నెల్లోకి రానే కూడదు.

పగడాలంటే ఇంకో మాట. రీఫ్‌ను కట్టే గట్టి పగడాలన్నిటినీ, సముద్రగుర్రాలనూ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో చేర్చారు. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం జైలుకు పంపే నేరం. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది! దుకాణంవాడు చాటుగా చూపించినా వద్దనండి. కృత్రిమ రాళ్లతో, హేచరీలో పుట్టిన చేపలతో మొదలుపెట్టండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించారు. సముద్రంలోంచి ఎత్తుకొచ్చిన చేపకంటే అలా పుట్టిన చేపకు తొట్టి కొత్త కాదు, మేతకూ త్వరగా అలవాటు పడుతుంది. ఇది చాలదా, అంటారా? ఇంటి అందం కోసం సముద్రంలో ఓ మూల పాడుచేయడం నాకైతే అందంగా తోచదు.

కాబట్టి వద్దని నేననను. కొనేముందు ఒక కాగితం మీద పనులు రాయండి. రోజూ నీళ్లు పోయడం, మేత వేయడం, గాజు తుడవడం, వారం వారం నీళ్లు మార్చడం, ఊరెళ్తే చూసుకోవడం. ప్రతి పని ఎదురుగా ఒక పేరు రాయించండి. అన్ని పనులకూ మీ పేరే వస్తే, అది ఆయన సరదా కాదు, మీకు ఇంకో ఉద్యోగం! మీకే ఇష్టముంటే మాత్రం నిస్సంకోచంగా మీరే పెట్టండి. అప్పుడు ఏ చేప, ఏ రాయి అన్న నిర్ణయం కూడా మీదే కావాలి. చాకిరీ ఒకరిదీ, పెత్తనం ఒకరిదీ అయితే చేపలకూ సుఖముండదు, మనకూ ఉండదు.

అన్నట్టు, క్లౌన్‌ఫిష్‌ల ఇంట్లో పెద్దరికం ఆడచేపదే. జంటలో పెద్దది అదే. మరి గుడ్లను రెక్కలతో విసురుతూ ఎక్కువగా కనిపెట్టుకుని ఉండేదెవరో తెలుసా? మగచేప! తొట్టి ముందు కూర్చుని మురిసిపోయే శ్రీవారికి ఈ సంగతి ముందుగా చెప్పడం మరవకండి.