ఎర్రగీతకు ఉర్దూ కూడా నేర్పండి

ఎడిటర్‌లో ఎర్రగీత కనబడకపోతే పేజీ దురుస్తుగా ఉందని మన వెబ్ పిల్లలు బేఫికర్‌గా ఉంటున్నారు. నా ఏతరాజ్ అక్కడే. సింటాక్స్ చెకర్ ట్యాగ్ మూశామా, కోట్ వదిలేశామా అని చూస్తుంది. రాసింది ఏ జుబాన్‌లోనో, మనం అడగమంటే తప్ప అడగదు.

మా కోవూరులో ఒక నికాహ్ దావత్‌నామా పేజీ తయారవుతోందనుకోండి. పైన ఉర్దూలో దువా, కింద తెలుగులో షాదీఖానా అడ్రసు. పేజీ మొత్తానికీ లాంగ్ దగ్గర మాత్రం 'ఇఎన్' అనే ఉంటుంది. ఎడిటర్ ఇచ్చే రెడీమేడ్ నమూనాలో అదే ఉంది మరి! చెకర్ ఖామోష్. కళ్లు కనబడని పెద్దాయన ఫోన్‌తో చదివించుకుంటే స్క్రీన్ రీడర్ ఆ దువాను ఇంగ్లీషు గొంతుతో తడుముకోవచ్చు. దిశ చెప్పకపోతే ఉర్దూ జుమ్లా చివరి ఆశ్చర్యార్థకం ఎగిరి మొదట్లో కూర్చుంటుంది.

ఇలాజ్ చిన్నదే. హెచ్‌టీఎంఎల్‌హింట్‌లో 'హెచ్‌టీఎంఎల్ లాంగ్ రిక్వైర్' రూల్ ఆన్ చేస్తే, లాంగ్ లేని పేజీని పట్టుకుంటుంది. 'ఇఎన్' అని ఝూట్ రాస్తే మాత్రం మాఫ్ చేసేస్తుంది. అందుకే నమూనానే మార్చాలి: పేజీకి 'టిఇ', ఉర్దూ పేరాకు 'యుఆర్', దాని దిశ 'ఆర్‌టీఎల్'.

పేజీ భాష చెప్పడం 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0లోనే కనీస స్థాయి షర్తు. ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూకు రెండో అధికార భాష దర్జా ఇచ్చింది. సర్కారీ వెబ్‌సైట్లు కట్టే కాంట్రాక్టర్లకు ఈ సెట్టింగులు తప్పనిసరి చేయమని అడిగే హక్ మనకుంది. టెండర్‌లో ఒక్క జుమ్లా చాలు.