సంతకం లేని బాణీలు

1970లో సోవియట్ రికార్డుల సంస్థ మెలోదియా ఓ ఎల్పీ విడుదల చేసింది. 16, 17 శతాబ్దాల ల్యూట్ సంగీతం అని అట్ట మీద రాశారు. జనం ఇష్టంగా విన్నారు. తీరా చూస్తే అందులోని రచనల్లో అత్యధికం అప్పటికి బతికే ఉన్న మనిషివి.

ఆ మనిషి వ్లదీమిర్ వవీలోవ్. లెనిన్‌గ్రాడ్ గిటారు విద్వాంసుడు. తాను కట్టిన బాణీలకు ఫ్రాంచెస్కో ద మిలానో వంటి పాత ఇటలీ స్వరకర్తల పేర్లు తగిలించారు. సొంతంగా నేర్చుకున్న ఓ అనామకుడి రచనలను ఎవరూ అచ్చువేయరన్నది ఆయన భయమని కూతురు తర్వాత చెప్పారు. 1973లో ఆయన కన్నుమూశారు. ఆ ఎల్పీలోని 'ఆవే మరియా'ను కచ్చీని రచనగా ప్రపంచమంతా పాడుకుంది. మరో బాణీ 1987 నాటి సోవియట్ సినిమా 'అస్సా'లో పాటై మారుమోగింది.

ల్యూట్‌కు సగానికి కోసిన బేరిపండులాంటి బుర్ర, వెనక్కి విరిచినట్టుండే తల. అరబ్బుల ఊద్ నుంచి పుట్టి యూరప్ దర్బారులను ఏలిన ఈ వాద్యం 18వ శతాబ్దం చివరికల్లా మూలనపడింది. 20వ శతాబ్దంలో దానికి మళ్లీ ఊపిరి పోసినవారిలో బ్రిటన్ కళాకారుడు జూలియన్ బ్రీమ్ ముఖ్యులు. అయితే వాయించినవి ఎక్కువగా జాన్ డౌలాండ్ వంటి పాత స్వరకర్తల రచనలే. ల్యూట్ మ్యూజియం నుంచి బయటికొచ్చినా కచేరీకి మ్యూజియం వాసన పోలేదు.

వవీలోవ్‌కు చాలని ధైర్యం తర్వాతివారికి వచ్చింది. అమెరికాకు చెందిన రాన్ మెక్‌ఫార్లేన్ సొంత రచనలతో 2007లో తెచ్చిన 'ఇండిగో రోడ్' గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. డచ్ స్వరకర్త యోజెఫ్ వాన్ విస్సెమ్ మొదటి నుంచి వాయించినా చివరి నుంచి వాయించినా ఒకేలా వినిపించే బాణీలు కట్టారు. జిమ్ జార్ముష్ తీసిన రక్తపిశాచుల సినిమా 'ఓన్లీ లవర్స్ లెఫ్ట్ అలైవ్'కు ఇచ్చిన సంగీతం 2013లో కాన్‌లో ఆయనకు అవార్డు తెచ్చిపెట్టింది. ఆ సినిమా చూసిన కుర్రకారుకు ల్యూట్ ముత్తాతల వస్తువు కాదు.

ఎక్కడో యూరప్ గొడవ మనకెందుకు అనుకోనక్కర్లేదు. వాద్యాల వర్గీకరణలో మన వీణదీ ల్యూట్ కుటుంబమే. కచేరీల్లో దానిమీద మోగేవి ప్రధానంగా గొంతు కోసం పుట్టిన కృతులు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బుల్లి వీణలు జ్ఞాపికలై అతిథుల ఇళ్లలో షోకేసులు చేరుతున్నాయి. మంచిదే. ఇంతకీ వీణ కోసమే కొత్తగా రాసి, కింద తన పేరు పెట్టుకుంటున్నవారు ఎందరు?