అమ్మమ్మ మందుల సంచి

మా అమ్మమ్మది కొల్లేటి ఒడ్డున ఓ చిన్న ఊరు. డెబ్బై నాలుగేళ్లు. షుగరుకి ఏలూరు డాక్టరు, మోకాళ్లకి తాడేపల్లిగూడెం డాక్టరు. ఉల్లిపాయల మార్కెట్లో మామయ్యకు పనుంటే ఆ బండెక్కి వెళ్లొస్తుంది. గ్యాసుకీ జ్వరానికీ ఊళ్లో ఆరెంపీ ఉండనే ఉన్నాడు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలీదు. చీటీలేవీ అంటే ‘పాతవి కదే, పారేశా’ అంటుంది.

సంక్రాంతికి వెళ్లినప్పుడు కిటికీ ఊచకు వేలాడుతున్న ఆ సంచిని మంచం మీద బోర్లించాను. పదకొండు రకాలు! రెండు అట్టల రంగు వేరు, పేరు వేరు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు మాత్రం ఒకటే, గ్లిమిపిరైడ్. ఓసారి ఏలూరులో రాసిన బ్రాండు దొరక్క షాపతను ఇంకోటిచ్చాడు. తర్వాత మొదటిదీ దొరికింది. రెండూ వేసేసుకుంటోంది. ‘అందుకేనేమోనే, తెల్లారగట్ల చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి’ అంది తాపీగా.

షుగరు పెరిగితే కంగారుపడతాం. పెద్దవాళ్లలో అది పడిపోవడం అంతకన్నా తక్షణ ప్రమాదం. తూలిపడితే తుంటి ఎముక విరుగుతుంది. మనమేమో నీరసం అనుకుని ఊరుకుంటాం. గ్లిబెన్‌క్లమైడ్ అనే పాత మాత్ర 60 దాటినవారికి తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆవశ్యక మందుల జాబితాలోనే రాసింది. కిడ్నీలు మందగించేకొద్దీ అది ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది.

ఇంకో తంటా, మందుకి మందు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపుకి నీరు తీసే బిళ్ల. మోకాళ్లకి నొప్పి బిళ్ల, దాంతో కడుపులో మంట, మంటకి గ్యాసు బిళ్ల. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలకు నీరు బిళ్ల, నొప్పి బిళ్ల తోడైతే కిడ్నీలకు దెబ్బ. మెట్‌ఫార్మిన్ బయటికి పోవలసింది ఆ కిడ్నీల గుండానే. అదే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గి కాళ్లు తిమ్మిరెక్కొచ్చు. అదీ షుగరు వల్లే అనుకుని మరో మాత్ర!

ఇది ఒక్క అమ్మమ్మ గొడవ కాదు. ఉభయ గోదావరి పల్లెల్లో 2005లో జరిపిన సర్వేలో, ముప్ఫై దాటినవారిలో నూటికి 13 మందికి మధుమేహం కనిపించింది. వాళ్లలో చాలామంది ఇప్పుడు పెద్దవాళ్లు. చీటీ మీద మందు అసలు పేరు స్పష్టంగా రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన పెట్టింది. మీ ఇంట్లో చీటీ తీసి చూడండి, చదవగలిగితే అదృష్టవంతులు.

మీరై మీరు ఏ మాత్రా మానిపించకండి. సంచి సంచీ ఒకే డాక్టరు ముందు పెట్టి, ‘వీటిలో ఏవి తీసేయొచ్చు?’ అని అడగండి. క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించారో చెప్పండి. చెమటలు, వణుకు వచ్చి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకి మళ్లీ షుగరు చూడండి. గ్లిమిపిరైడ్ వాడేవారికి తేరుకున్నాక కూడా మళ్లీ పడిపోవచ్చు, ఒంటరిగా వదలొద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

అమ్మమ్మ సంచి ఏలూరు తీసుకెళ్లాం. డాక్టరుగారు అరగంట కూర్చున్నారు. రెండో గ్లిమిపిరైడ్ పోయింది. నొప్పి బిళ్ల ఆపి పూత మందిచ్చారు. దాంతో రెండు గ్యాసు బిళ్లలూ పోయాయి. బీపీ మాత్ర మార్చేసరికి నీరు బిళ్లా పోయింది. మిగిలినవి ఆరు.

ఆటో ఎక్కాక అమ్మమ్మ అట్టలు లెక్కపెట్టుకుని, ‘ఇన్నేనా? ఫీజు మాత్రం అంతే పుచ్చుకున్నాడు’ అంది.