మారిషస్ తీరమున ఆదివారము

ఉద్యోగము నిమిత్తము మారిషస్ ద్వీపమునకు పోయిన తెలుగువారికి శనివారము రాగానే సముద్రము జ్ఞప్తికి వచ్చుట సహజము. ఎబేన్ కార్యాలయములలో ఐదు దినములు కంప్యూటర్ల ముందు కూర్చుండినవారికి, కొద్దిపాటి ప్రయాణముతోనే పగడపు దిబ్బలు కాపుగాచిన నీలిజలము లభించుచున్నది. అయితే ఆ జలమును ఎక్కడ కూర్చుండి చూడవలెను? పలువురు రుసుము చెల్లించి, హోటలు కంచె లోపల గొడుగు నీడన కూర్చుండుటకే ఇష్టపడుదురు. ప్రజల తీరములలో రద్దీ హెచ్చనియు, ఆ పాటల గోల సహింపరానిదనియు వారి ఆక్షేపణ. ఇది కొంచెము విచారింపదగిన విషయము.

ఆదివారము ప్రొద్దుననే ఫ్లిక్-ఆన్-ఫ్లాక్‌లోను, మోన్ శ్వాజీలోను సరుగుడు చెట్ల క్రింద కుటుంబములు చేరును. అద్దెబస్సులలో బంధువులు, ఇరుగుపొరుగువారు తరలివత్తురు. బిర్యానీ డేగిసాలు దిగును. పప్పు నానబెట్టి రుబ్బి, మిరపకాయలు చేర్చి వేయించిన ‘గాతో పిమాన్’ పొట్లములు విప్పుదురు. మన వడకు అది దగ్గరి చుట్టమే. రవాన్ వాద్యము మ్రోగగానే ముసలివారు సైతము సెగా నృత్యమునకు లేతురు. బానిసలుగా తేబడినవారి దుఃఖములో పుట్టిన ఆ సెగాను 2014లో యునెస్కో మానవాళి వారసత్వముగా గుర్తించినది. గోల యనబడునది ఇదియే.

ఈ ఆదివారము వారికి ఊరక దక్కినది కాదు. 1834 మొదలుకొని 20వ శతాబ్ది ఆరంభము వరకు నాలుగు లక్షలకు పైబడిన భారతీయులు ఒడంబడిక కూలీలుగా ఆ ద్వీపమున దిగిరి. కోరంగి రేవున ఓడ లెక్కిన తెలుగువారును వారిలో గలరు. చెరకు తోటలలో వారికి ఆదివారము సైతము పూర్తిగా స్వంతము కాలేదు. ప్రొద్దుట కూలి లేని వెట్టి చేయవలసియుండెను. ఒడంబడిక తీరినవారికిని స్వేచ్ఛ అరకొరయే. 1867 నాటి చట్టము వారిచేత ఛాయాచిత్రము అతికిన అనుమతిపత్రమును మోయించినది. జిల్లా దాటుటకును అనుమతి కావలసివచ్చెను. నలువైపుల సముద్రమున్న దీవిలో నుండియు, ఇష్టము వచ్చిన తీరమునకు పోవు వీలు వారికి లేకపోయెను. నేడు వారి మునిమనుమలు బస్సు కట్టించుకొని, పాడుచు, ద్వీపమును ఆ చివరనుండి ఈ చివరకు దాటుచున్నారు.

ఆ తీరభూమికిని ఒక చట్టమున్నది. 1895 నాటి ‘పా జియోమెట్రిక్’ చట్టము ప్రకారము పోటు గీతనుండి లోనికి కనీసము 81 మీటర్ల పట్టీ ప్రభుత్వపు రక్షిత భూమి. హోటళ్లకును, బంగళాలకును కౌలుకు పోవునదియు ఈ పట్టీయే. హోటళ్లు వేలమందికి అన్నము పెట్టుచున్నవనుట నిజము. ఏకాంతమును కోరుట దోషమును కాదు. కాని ప్రతి విహారియు కంచె లోపలి తీరమునే కోరినచో కంచెలు పెరుగును. సరుగుడు నీడలు తరుగును. విహారి యిచ్చు రూపాయి ఏదో ఒక పక్షమున చేరకతప్పదు.

తీరము తమదని తలచువారు ఏమి చేయగలరో 2020లో లోకము చూచినది. ఆ జులై 25న వకాషియో అను ఓడ ఆగ్నేయ తీరపు పగడపు దిబ్బ నెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె కడలిపాలు కాగా, జనము వేలాదిగా కదలి, చెరకు ఆకులను గుడ్డసంచులలో కూరి, తేలు కట్టలుగా కుట్టి నూనెకు అడ్డము వేసిరి. వారిని ఎవరును కూలికి పిలువలేదు.

ఉగాదికి సెలవిచ్చు దేశమది. అచ్చట బ్రతుకుతెరువు దొరకిన తెలుగువారు నెలకొక ఆదివారమైనను ఆ చెట్ల క్రింద చాప పరచుట మేలు. పులిహోర కొంచెము ఎక్కువగా కలుపుకొనిపోయినచో ప్రక్క చాపవారితో పరిచయమునకు వేరు ఉపాయ మక్కరలేదు. మరలునపుడు తమ విస్తళ్లను, సీసాలను ఏరి తెచ్చుకొనుట మాత్రము మరువరాదు.