నాణెముపై మృగము

బ్రిటనులోని రాయల్ మింటువారు 2016 మొదలు 2021 వరకు పది రాజలాంఛన మృగములను వెండి నాణెములపై వరుసగా ముద్రించిరి. ఒక్కొక్కటి రెండు ఔన్సుల మేలిమి వెండి. అనగా ఇంచుమించు 62 గ్రాములు. సింహము, ఒంటికొమ్ము గుర్రము, ఎద్దు, డేగ మున్నగునవి వానిపై కలవు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమునకై జేమ్స్ వుడ్‌ఫర్డ్ అను శిల్పి మలచిన విగ్రహములే వీనికి మూలము. కొనినవారు వీనిని అంగడిలో మార్చరు. పారదర్శకమైన బిళ్ళలలో బంధించి బీరువాలో దాచుకొందురు. వేడుకకు వేడుక, వెండికి వెండి! ఇందులో దోషమేమియు లేదు. కాని చేతులు మారని నాణెముపైని మృగము ప్రజల నోటికి ఎక్కదు.

మన దేశమున కథ వేరు. చాళుక్యుల లాంఛనము వరాహము. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు వేయించిన బంగారు నాణెముల నడుమ ఆ వరాహమే కనిపించును. విజయనగర ప్రభువుల నాణెములపై ఉమామహేశ్వరులు వెలసిరి. అచ్యుతరాయల నాటికి ఏనుగులను పట్టిన గండభేరుండము వచ్చినది. అయినను జనులు ఆ నాణెమును వరహా యనియే పిలిచిరి. బొమ్మ మారినను పేరు మారలేదు. రాజు ముద్రించిన మృగమును ప్రజలు మాటగా మార్చుకొనుట యనగా ఇదియే.

ఆ వరాహమే మరియొకప్పుడు అపచారమైనది. 1911లో అయిదవ జార్జి పేర వెలువడిన వెండి రూపాయిపై రాజు ధరించిన హారములో చిన్న ఏనుగు కలదు. తొండము పొట్టిదగుటచే అది పందివలె తోచినది. ప్రజలు, ముఖ్యముగా ముస్లిములు, ఆగ్రహించిరి. దొరతనమువారు వెలువరింపని రూపాయలను కరిగించి, 1912లో ఏనుగును తిరిగి చెక్కించిరి. గోరంత బొమ్మకు ఎంత కలవరము! ఆనాటివారు నాణెమును చదివెడివారు. మనము తూచుచున్నాము.

మా చిట్యాల మీదుగా పోవు విజయవాడ బాటలో సూర్యాపేట చేరి, అచ్చట జనగామ దారి పట్టినచో ఫణిగిరి వచ్చును. 2024 మార్చిలో అచ్చటి బౌద్ధక్షేత్రపు త్రవ్వకములలో ఒక కుండ బయల్పడినది. అందులో ఇక్ష్వాకుల కాలపు నాణెములు 3,730. ఒకవైపు ఏనుగు, మరియొకవైపు ఉజ్జయినీ చిహ్నము. అన్నియు సీసపు నాణెములు. ఆ కుండ పురావస్తు శాఖవారి చేతికే చిక్కుట మన అదృష్టము. అవియే వెండివై, ఏ రైతు నాగటికో తగిలియుండిన, కంసాలి మూసలో కడియములై యుండెడివి కావా? ఆ రైతును నిందింపను. నాణెమును చదువుట అతనికి ఎవరును నేర్పలేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, వాచకములో వరహా అను పదము వచ్చినప్పుడు 'ఒక బంగారు నాణెము' అని అర్థము చెప్పి పేజీ త్రిప్పకుడు. పిల్లలను ఒక్క పూట పానగల్లు మ్యూజియమునకు కొనిపొండు. ఇంటనున్న పాత వెండి బిళ్ళను తెమ్మని, దానిపై ఏమున్నదో వారిచేతనే బొమ్మ గీయింపుడు. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము భూమిలో దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము శాసించుచున్నది. ఆ సంగతియు అప్పుడే చెప్పుడు. పొలమునకు పోవునది ఆ పిల్లలే.